అర్రలో పిల్లి

చిల్కూరులో మొయినాబాద్ ఆటో ఎక్కేసరికి మా మనుమరాలు సహస్రను ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సి వచ్చింది. ఏడేళ్ల పిల్ల, బరువు తక్కువేం కాదు, నా మోకాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ షేర్ ఆటోలో పిల్లకు వేరే సీటు ఎవరిస్తారు? వెనక నలుగురం ఇరుక్కున్నాం, డ్రైవర్‌కు చెరో పక్కన ఒకరు వేలాడుతున్నారు, మా మోకాళ్లకు ఆనుకుని ఉన్న చిన్న బల్ల మీద ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకామె సరిగ్గా మాకు ఎదురుగా కూర్చుంది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, మెడలో కాలేజీ ఐడీ కార్డు, ఒళ్లో టిఫిన్ సంచి. ఆమె చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి, పెదవుల చివర కూడా తెలుపు పాకింది. బొల్లి. నేను ఒక్కసారి చూసి, చూడనట్టు రోడ్డు వైపు తిరిగి ఫామ్‌హౌస్ గోడలు చూస్తూ కూర్చున్నాను. ఈ విద్య నాకు చిన్నప్పుడే నేర్పారు. మా సహస్రకు ఎవరూ నేర్పలేదు. "అమ్మమ్మా, ఈ ఆంటీ చేతులు రెండు కలర్లు ఎందుకున్నయ్?" అని ఆటో ఇంజన్‌ను మించిన గొంతుతో అడిగింది.

నా చెయ్యి దానంతట అదే పోయి పిల్ల నోటి మీద పడింది. ఆటోలో అందరూ మా వైపే చూస్తున్నారు. దిగిపోదామంటే ముందు మూడు జతల మోకాళ్లు, కాళ్ల కింద ఎవరిదో కొబ్బరికాయల సంచి. ఆమె మాత్రం నవ్వింది. "నోరెందుకు మూస్తున్నవ్ అమ్మా, అడగనియ్యి. నాకేం గాదు" అని చేతులు రెండూ పిల్ల ముందు చాపింది. "మన తోలుకు రంగు తయారయ్యేది లోపల ఉంటది రా. నాకు కొన్ని చోట్ల అది పని బంద్ చేసింది, అంతే. నొప్పి లేదు, ఎవరికీ అంటదు. ముట్టుకుంటవా?" సహస్ర నా చెయ్యి తోసేసి ముట్టుకుంది. తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. "ఎండల పోతే మండదా?" "మండుతది. అందుకే క్రీం రాసుకుంట." "ఏ క్రీం?" ఇట్లా మొయినాబాద్ దాకా వాళ్లిద్దరూ ముచ్చట్లే ముచ్చట్లు. దిగే ముందు ఆమె నాతో, "మీ పిల్ల అసలు భయపడలే అమ్మా. మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదా?" అని మామూలుగా అడిగింది. "లేదమ్మా, మా ఇంట్ల ఎవ్వరికీ లేదు" అన్నాను. ఆలోచించుకునే అవసరం కూడా రాలేదు. అరవై ఏళ్లుగా నాలుక మీద తయారుగా ఉన్న మాట అది. ఇన్నేళ్లు బడిలో పిల్లలకు అబద్ధాలాడొద్దని చెప్పి పింఛను తీసుకుంటున్న దాన్ని, సిగ్గు లేకపోతే సరి!

మా ఇల్లు సురంగల్‌లో ఉండేది. పొలాలు, ఎడ్లు, బర్రెలు ఉన్న ఇల్లు, ఓట్లు వస్తే మా బాపు మాట కోసం పదిమంది వచ్చి కూర్చునే ఇల్లు. ఇంట్లో బాపు, అమ్మ, నాయనమ్మ, నాకంటే పదేళ్లు పెద్దదైన సుశీలక్క, నేను. ఇంకొకరు బాలమణి అత్తమ్మ, బాపుకు సొంత చెల్లెలు. ఆమె పదిహేనో ఏట మెడ మీద రేగుపండంత తెల్లమచ్చ లేచిందట. నాకు బుద్ధి తెలిసేసరికి రెండు చేతులూ, మెడా, ఒక కంటి రెప్పా తెల్లగా ఉండేవి. ఆ కంటి వెంట్రుకలు కూడా తెలుపే. ఆమె పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఇల్లు మాత్రం ఆ చేతుల మీదే నడిచేది. అమ్మ తెల్లవారకముందే కూలీలతో పొలానికి పోయేది కాబట్టి మేం లేచేసరికి వినిపించేది అత్తమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడే. దాలిలో పిడకల మీద పొద్దంతా కాగి ఎర్రబడ్డ పాల వాసన, ఆమె చీరకు అంటిన పొగ వాసన, నాకు రెండూ ఒకటే. సుశీలక్కను పుట్టినప్పటి నుంచి పెంచింది ఆమే. అక్క తలకు నూనె పెట్టి, చిక్కు తీసి, జడ వేసే పని ఇంకెవరినీ చెయ్యనిచ్చేది కాదు. మా అమ్మ కూడా అక్కను "మీ అత్తమ్మ బిడ్డ" అనేది, కోపంతో కాదు, ఉన్నమాటే.

ఇంత పని చేసే మనిషిని బయటివాళ్లెవరూ చూడకూడదు. అది మా నాయనమ్మ పెట్టిన కట్టడి. నాయనమ్మ పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని ఆకుకు సున్నం రాసుకుంటూ ఉండేది. దూరంగా కొత్త మనిషి కనబడితే ఒకసారి గట్టిగా దగ్గేది. ఆ దగ్గు వినగానే అత్తమ్మ చేతిలో పని చేతిలోనే వదిలేసి లోపలికి పోయేది. పెనం మీద రొట్టె మాడితే మాడేది. వచ్చినవాళ్లు వెళ్లాక మళ్లీ వచ్చి ఆ మాడిన రొట్టె తనే తినేది. దీన్ని ఇంట్లో ఎవరూ వింతగా అనుకోలేదు. వాన వస్తే బట్టలు లోపలికి తెచ్చుకున్నట్టు, చుట్టాలొస్తే అత్తమ్మను లోపలికి పంపడం.

నేనే ఆ ఇంటికి పెద్ద తలనొప్పి. నా నోరు ఊరుకునేది కాదు. పట్వారి వచ్చి బాపుతో మాట్లాడుతుంటే మధ్యలో దూరి, "నీ ఒక కన్ను గోడ దిక్కు ఎందుకు చూస్తది?" అని అడిగాను. మా కూలికి వచ్చే శాంతమ్మ దోసిలి పట్టి తాగుతుంటే, "నాయనమ్మా, నాకు చెంబిస్తవ్, శాంతమ్మకు గంత మీదికెళ్లి పోస్తవ్, ఎందుకు?" అన్నాను. దానికి చెంప పగిలింది. శాంతమ్మ తల ఎత్తకుండా నీళ్లు తాగడం పూర్తి చేసి, మూతి తుడుచుకుని పొలానికి పోయింది. నా ప్రశ్నలకు మా ఇంట్లో రెండే జవాబులు, ఒకటి దెబ్బ, రెండోది "పో అవుతలికి." జవాబంటే జవాబు చెప్పేది అత్తమ్మ ఒక్కతే.

సుశీలక్కను చూసుకోవడానికి చేవెళ్ల నుంచి వస్తున్నారని కబురు వచ్చింది. మంచి సంబంధం, భూములున్న ఇల్లు. అత్తమ్మ సంగతి తెలిస్తే ఆ వంశంలో ఉంది, పిల్లకూ వస్తుంది అంటారని నాయనమ్మ భయం. అప్పటికే ఒక సంబంధం ఊరివాళ్లెవరో చెవిలో ఊదడంతో తప్పిపోయింది. అందుకని ఆ రోజు పొద్దున్నే అత్తమ్మ అక్కకు కొప్పు పెట్టి, పూలు తురిమి, తనంతట తనే గింజల అర్రలోకి నడిచింది. నాయనమ్మ నా వైపు చూసి, "దీని నోటికి మొక్కాలె. గిది ఇంత మంది ముందట ఏం వాగుతదో ఏమో. దీన్ని గూడ అండ్లనే వెయ్యి" అంది. బాపు నన్ను జబ్బ పట్టుకుని లోపలికి నెట్టి బయట గొళ్లెం పెట్టాడు. నాయనమ్మ తలుపు అవతల నిలబడి, "ఎవలన్న అడిగితే లోపల ఎవ్వరు లేరనాలె. ఇంకో మాట వచ్చిందో, అక్క పెండ్లి చెడగొట్టిందానివి నువ్వే అయితవ్" అంది.

ఆ అర్రకు కిటికీ లేదు. కందుల గరిసె, ఉల్లిగడ్డల కుప్ప, చింతపండు కుండలు, గింజల్లో పురుగు పట్టకుండా కలిపిన వేపాకు. ఈనాటికీ ఎండిన వేపాకు వాసన వస్తే నాకు ఊపిరి బిగపడుతుంది. రెండు తలుపు చెక్కల మధ్య వేలు దూరేంత సందు, అందులోంచి ఒక గీత వెలుగు. ఆ వెలుగు పడని మూల గరిసె వెనక అత్తమ్మ కూర్చుంది. నేనామె ఒళ్లో కూర్చుని, చెయ్యడానికి వేరే పని లేక, అడగడం మొదలుపెట్టాను.

"అత్తమ్మా, గీ తెల్లగున్నకాడ నొప్పి ఉంటదా?"

"లేదు బిడ్డా."

"అంటుకుంటదా?"

"పుట్టినకాడికెళ్లి నా పక్కల్నే పంటున్నవ్ గద, నీకు అంటిందా?"

"మరి ఎందుకయ్యింది?"

"నాకు తెల్వది. ఉస్మానియా దవాఖానల డాక్టర్‌ను అడిగితే ఆయనకు గూడ తెల్వదన్నడు."

"మరి ఎందుకు దాసుకునుడు?"

"చూసెటోళ్లకు భయమైతదంట."

"నీకు భయం కాదా?"

"నాకు గీ చీకటంటే భయం" అంది అత్తమ్మ. అంత పెద్ద మనిషికి చీకటంటే భయమేమిటని నేను పకపకా నవ్వాను. నా నోరు మూసి, మెల్లగా నవ్వమంది.

బయట మాటలు వినిపించాయి. వచ్చారు. అత్తమ్మకు సందు దగ్గరికి రావడానికి ధైర్యం లేదు, వెలుగు పడితే చెయ్యి కనబడుతుంది. "నువ్వు చూసి చెప్పు, పిలగాడు ఎట్లున్నడు?" అని నన్ను పంపింది. "నల్లగున్నడు. చెవులు పెద్దగున్నయ్." "చెవులు సరే, మొకం ఎట్లున్నది? మంచోని లెక్క కనవడ్తున్నడా?" "కిందికే చూస్తున్నడు." "అక్క కొప్పు జారలే గద?" "జారలే." ప్రతి మాటకూ ఆమె "ఆఁ, ఆఁ" అంటూ వింటోంది. అక్క అటుకుల పళ్లెం పట్టుకుని వచ్చిందని చెప్పినప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పెంచిన పిల్ల పెళ్లిచూపులు ఆమె నా కళ్లతో చూసింది.

అంతలో సందు చీకటైంది. అవతల ఒక కన్ను. పెళ్లికొడుకు చెల్లెలు, నా ఈడుదే. "లోపల ఎవలున్నరు?" అంది. నాయనమ్మ మాట గుర్తొచ్చింది. "నేనే." "ఇంకెవలు?" "ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే." "మరి ఎవలతోని మాట్లాడుతున్నవ్?" ఇరుక్కుపోయాను. ఇటు అత్తమ్మ, అటు అక్క పెళ్లి. "పిల్లితోని" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు, కన్ను ఇంకా సందులోకి నొక్కింది. అప్పుడు నా వెనకనుంచి, గరిసె పక్కనుంచి, "మ్యావ్" అని వినిపించింది. అత్తమ్మే! ముప్పై ఏళ్ల మనిషి, ఇంటి ఆడబిడ్డ, నా అబద్ధం నిలబడాలని పిల్లిలా అరిచింది. ఆ పిల్ల వెళ్లిపోయింది. మేమిద్దరం నోట్లో కొంగు కుక్కుకుని కడుపునొప్పి వచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ రోజు నాకది నవ్వే. ఆ మ్యావ్ నన్ను ఏడిపించడానికి నేను పిల్లల తల్లిని కావలసి వచ్చింది.

సంబంధం ఖాయమైంది. గొళ్లెం తీసి నాయనమ్మ మొదటి లడ్డు నాకే పెట్టింది. "మంచి పని చేసినవ్ బిడ్డా, అక్క బతుకు నిలబెట్టినవ్" అని అత్తమ్మ నా తల నిమిరింది. నేను గొప్పగా తిరిగాను. పెళ్లికి తలంబ్రాల బియ్యం అత్తమ్మే ఏరింది. నూక లేకుండా, ఒక్క గింజ విరగకుండా, ఆ తెల్లటి చేతులతోనే పసుపు కలిపింది. కలిపిన రోజు నాయనమ్మ పక్కన కూర్చుని, జన్మలో మొదటిసారి, చివరిసారి, ఒకటి అడిగింది. "అమ్మా, తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఒక్కసారి చూస్తనే. కొంగు కప్పుకొని దూరంగ నిలవడ్త. నన్నెవలు పట్టించుకుంటరు?" నాయనమ్మ రాయి కాదు, ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. కానీ, "చూపులనాడు ఎవ్వరు లేరని చెప్పితిమి. ఇప్పుడు కనవడితే ఎవలని చెప్పాలె?" అంది. ఆ మాట చెప్పింది నేను. అత్తమ్మ నా వైపు చూడనైనా లేదు, లేచి పసుపు చేతులు కడుక్కుంది. పెళ్లినాడు తెల్లవారకముందే బండిలో బాయికాడి గుడిసెకు పంపారు. బాజాలు ఆమెకు అక్కడికి వినిపించాయి. సాయంత్రం నేను ఆకులో లడ్లు కట్టుకుని పోతే, తినకుండా అన్నీ అడిగింది. ఎవరు ముందు పోశారు, అక్క నవ్విందా, ఏడ్చిందా, అప్పగింతల్లో ఎవరి పేరు పెట్టి ఏడ్చింది. "నీ పేరు పెట్టలే" అన్నాను, ఉన్నది ఉన్నట్టు. "పెట్టద్దు గద" అంది.

ఒక అబద్ధం చెప్పాక దానికి కాపలా ఉండాలి. అల్లుడు వచ్చినప్పుడల్లా అత్తమ్మ బాయికాడికే. పెద్దల్లుడికి చెప్పలేదు కాబట్టి నా పెళ్లప్పుడు నా భర్తకూ చెప్పలేదు, నా పెళ్లికీ ఆమె బాయికాడనే ఉంది. అదేమని అడగడానికి అప్పటికి నాకు చదువుంది, నోరుంది. అడగలేదు. నా సంసారం నాకు ముద్దు. నాయనమ్మ పోయాక దగ్గే మనిషి లేకపోయినా అత్తమ్మ తనంతట తనే లేచి పోయేది. అత్తమ్మ చనిపోయినప్పుడు అక్క ఒక్కతే వచ్చింది. దూరపు చుట్టం చచ్చిపోయిందని బావకు చెప్పి వచ్చానంది. మేం అది కూడా సరేనన్నాం.

ఆటో దిగి ఇంటికి వచ్చాక సహస్ర చెప్పులైనా విప్పకుండా, "అమ్మమ్మా, ఆ ఆంటీ అడిగితే నువ్వు నా కాలు గట్టిగ పట్టుకున్నవ్. ఎందుకు?" అంది. చూశారా పిల్లల సంగతి! మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లో మేమిద్దరమే. తప్పించుకుందామని టీవీ పెట్టాను, కట్టేసింది. అటుకులు పెట్టాను, తింటూ అడిగింది. చివరికి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నా భర్తకు చెప్పనిది, కన్నబిడ్డకు చెప్పనిది, ఏడేళ్ల పిల్లకు చెప్పాను. మా ఇల్లు అరవై ఏళ్లు కాపలా కాసిన సంగతిని, ఆ ఆటోలో అమ్మాయి రెండు ఊళ్ల మధ్య దూరంలో నవ్వుతూ విప్పి చెప్పింది. ఐడీ కార్డు వేసుకుని, పదిమందికి ఎదురుగా కూర్చుని కొలువుకు పోతోంది. కాలం మారింది, నేనే ఇంకా గొళ్లెం పెట్టిన తలుపు లోపల ఉన్నాను. పిల్ల అంతా విని, "పెద్దమ్మమ్మకు తెలుసు గద, మరి పెద్దతాతకు?" అంది. తెలియదన్నాను. "ఇంకా చెప్పలేదా?" అని నోరు తెరిచింది. అదే సమయానికి రోజూ చాయ్ వేళకు వచ్చే అక్క వీడియో కాల్ వచ్చింది. ఫోన్ నాకంటే ముందు అది అందుకుంది.

తెర మీద బావ. అక్క లోపల చాయ్ పోస్తోందట. ఎనభై దాటిన ఆయనకు ఫోన్ పట్టుకోవడం రాదు, సగం నుదురు, ఒక చెవి కనిపిస్తాయి. "తాతా, బాలమణి అత్తమ్మ నీకు తెలుసా?" అంది సహస్ర. లాక్కుందామని లేచాను, మోకాలు పట్టేసి మళ్లీ కూలబడ్డాను.

"ఎందుకు తెల్వది రా? మీ అమ్మమ్మోళ్ల మేనత్త. చేతులు తెల్లగుండెటియి పాపం" అన్నాడు బావ.

"బావా, నీకెట్ల ఎరుక?" అన్నాను.

"పిల్లను చూసి మళ్లి పోతుంటే బండిలనే మా చెల్లె చెప్పింది. అన్నా, వాళ్లు అర్రల తెల్లచేతులామెను పెట్టి తలుపేసిండ్రు, ఆమె పిల్లి లెక్క అరిచింది, ఎందుకన్నా అని. నేనేం జెప్పాలె? చీకట్ల ఏమో చూసినవ్ తియ్ అన్న. పెండ్లయినంక రెండు మూడుసార్లు వచ్చిన. ఆమె మీ మేనత్తనని, నేను రాంగనే ఆమెను బాయికాడికి తోలుతున్నరని మీ జీతగాడు చెప్పిండు. ఇగ అప్పటిసంది రాకడ తక్కువ చేసిన. నేను రాకుంటే ఆమె ఇంట్లనన్న ఉంటది గద."

అల్లుడికి ఎంత పొగరు, అత్తగారింట్లో ఒక్క పూట ఉండడు అని మేం ఎన్నేళ్లు తిట్టుకున్నామో! "ఒక్క మాట అడగకపోతివి బావా" అన్నాను.

"మీరు చెప్పకపోతిరి. మీ బాపు సిగ్గువడ్తడని ఊకున్న."

తెర ఊగింది. వెనక అక్క నిలబడి ఉంది, చాయ్ కప్పులు చేతిలోనే ఉన్నాయి. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. "నీకు ఎరుకనా?" అంది బావతో.

"ఎరుకే."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెందుకు చెప్పలే?"

అరవై ఏళ్లు ఒకే ఇంట్లో బతికిన ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క కప్పులు ఎక్కడో పెట్టి, ఫోన్ దగ్గరికి వంగి, బావను కాదు, సహస్రనూ కాదు, నన్ను పిలిచింది.

"ఓ చెల్లే... ఆయనకు ఎరుకనేటిది మనకు అప్పుడే ఎరుకైతే, నా తలంబ్రాలప్పుడు అత్తమ్మ నా పక్కన్నే నిలవడుతుండె గదనే."